ఎడమ జేబులో ఊలు మేజోడు

పెళ్ళయిన తొలి ఏడు నవంబరు పదిహేనో తారీఖున ఊర్హో మాకెలా రెండు ఎడమ కాలి బూట్లు తీసుకుని జింకల వేటకి వెళ్ళాడు. ఒకటి తనది. రెండోది తమ్ముడు రైనోది. రైనో ఆ వారం గవదబిళ్ళలు వచ్చి మంచం మీద ఉన్నాడు కాబట్టి అతని బూట్లు వసారాలో ఖాళీగా ఉన్నాయి. నిద్రమత్తులో చేతికందిన రెండూ సంచిలో పడేసుకుని ఊర్హో బయల్దేరాడు. అడవిలో గుడిసె చేరాక సంగతి బయటపడింది. వెనక్కి వెళ్ళడం నామోషీ అనిపించి, ఆ రెంటినీ తొడుక్కునే మంచులోకి దిగాడు. మధ్యాహ్నం వేళ ఒకచోట విచిత్రమైన అడుగుజాడలు కనిపించాయి. ఎవరో ఇద్దరు ఒంటికాలి వేటగాళ్ళు పక్కపక్కనే నడిచి వెళ్ళారని అతను తేల్చుకున్నాడు. పాపం దారి తప్పారేమోనని చాలాసేపు వాళ్ళని వెతుక్కుంటూ ఆ జాడల వెంటే తిరిగాడు. చీకటి పడ్డాక తెలిసింది అవి ఎవరివో.

ఇందులో తప్పు ఎవరిదన్న విచారణ మర్నాడు అత్తగారి వంటింట్లో, కాఫీ తాగుతూ జరిగింది. తప్పు హిల్మాది అని తేలింది. హిల్మా ఊర్హో భార్య. కాపరానికి వచ్చి నాలుగు నెలలైంది.

"సంచి పెళ్ళాం సర్దితే ఇలా జరుగుతుందా?" అంది అత్తగారు, చక్కెర బిళ్ళ పంటికింద పెట్టుకుని.

పై ఏటి నుంచి సంచి సర్దడం హిల్మా పనైంది.

నిజానికి అత్తగారి ఇంట్లో ఎవరికీ తెలియని విషయం ఒకటుంది. వేటసంచి సర్దడం ఆ ఇంటి మగవాళ్ళందరి కంటే హిల్మాకే బాగా వచ్చు. వాళ్ళ నాన్న ఐసాక్ కలప కొట్టేవాడు. మగపిల్లలు లేరు. భార్య చనిపోయాక కూతుర్ని ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక వేటకి వెంట తీసుకెళ్ళేవాడు. మొదట ఆమెకి తుపాకి ఇవ్వలేదు, సంచి ఇచ్చాడు. "ముందు అగ్గిపెట్టె, తర్వాత పొడి మేజోళ్ళు, తర్వాత తిండి. తూటాలు అన్నిటికన్నా చివర" అని నేర్పాడు. తూటా మర్చిపోతే జింక బతుకుతుంది, అగ్గిపెట్టె మర్చిపోతే మనం చస్తాం అని ఆయన లెక్క. హిల్మా పద్నాలుగో ఏట మొదటి జింకని కొట్టింది. ఆ రోజు ఆయన ఆమె భుజం తట్టలేదు, మెచ్చుకోలేదు. బరువు సగం తను పట్టుకుని, "నీ జింక. ముందు నువ్వు నడు" అన్నాడు.

అత్తగారింట్లో ఈ కథ ఆమె ఒకటి రెండుసార్లు చెప్పబోయింది. వినేవాళ్ళు ముద్దుగా నవ్వారు, చిన్నపిల్ల కప్పని పట్టుకున్న కథ విన్నట్టు. తర్వాత మానేసింది.

సంచి మాత్రం ఏటేటా పెరిగింది. అందులోకి చేరిన ప్రతి వస్తువు వెనకా ఊర్హో చేసిన ఘనకార్యం ఒకటుంది. దిక్సూచులు రెండున్నాయి. ఎందుకంటే ఒక ఏడు అతను దిక్సూచితో గొడవ పడ్డాడు. ఉత్తరం అటు కాదు ఇటు అని నమ్మి, తనమాటే నెగ్గించుకుని, చిత్తడి నేలలో మోకాలి దాకా దిగబడ్డాడు. అప్పట్నుంచి రెండోది, మొదటిది చెప్పింది నిజమేనని సాక్ష్యం చెప్పడానికి. చేతిరుమాళ్ళన్నీ ఎరుపు. తెల్లగుడ్డ దులిపితే దూరం నుంచి జింక తన తెల్లతోక ఎత్తినట్టే ఉంటుంది. పక్క గుడిసె వేటగాడొకాయన తెల్లరుమాలు తీసి ముక్కు చీదుకోబోతే టోపీలోంచి తూటా దూసుకుపోయింది. ఆ వార్త విన్న సాయంత్రమే హిల్మా ఇంట్లో ఉన్న తెల్ల రుమాళ్ళన్నీ రంగునీళ్ళలో ముంచింది. అదే తొట్టిలో పొరపాటున ఊర్హో బనియన్లు కూడా పడి గులాబీరంగుకి తిరిగాయి. అతను పనిచేసే గనిలో, స్నానాల గది దగ్గర చాలాకాలం అతన్ని "ఏం పెళ్ళికూతురా" అని పిలిచారు. ఆ తప్పు కూడా హిల్మాదే. వీపున వేట లైసెన్సు కాగితం గుచ్చుకోవడానికి పెద్ద పిన్నీసులు ఒకటికి నాలుగు. మైనంలో ముంచిన అగ్గిపుల్లలు, జింకని లాక్కురావడానికి తాడు, కత్తి, దాన్ని నూరే రాయి. ఇక అన్నిటి మీదా, మాంసమూ బంగాళాదుంపలూ కూరి కాల్చిన పేస్టీలు. మన కజ్జికాయకి పెదనాన్నలా ఉంటుంది ఒక్కొక్కటి. పొయ్యిలోంచి తీసినవి తీసినట్టు వార్తాపత్రికలో చుట్టి కోటు లోపల పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా పొట్టకి వెచ్చగా ఉంటాయి, తర్వాత పొట్టలో వెచ్చగా ఉంటాయి.

ఇంత సర్ది పంపిన గుడిసెని హిల్మా ఎన్నడూ చూడలేదు. ఆడవాళ్ళు అక్కడికి పోకూడదు. ఎవరు పెట్టిన రూలో ఎవరికీ తెలియదు. అడిగితే అందరూ గుడిసె వైపు చూపించేవారు, గుడిసే పెట్టినట్టు.

అక్కడేం జరిగిందో మాత్రం ఆమెకి ఇంట్లో కూర్చునే తెలిసేది. చొక్కాలు చెప్పేవి. జింకకి గురిపెట్టి తప్పినవాడి చొక్కా వెనక కొస కత్తెరతో కత్తిరించి, పేరు రాసి గుడిసె గోడకి మేకు కొట్టడం అక్కడి మర్యాద. ఊర్హో ఇంటికొచ్చి జింకలే లేవనేవాడు, గాలి అటు తిరిగిందనేవాడు, ఎవరో దగ్గారనేవాడు. హిల్మా తలాడిస్తూ వినేది. మర్నాడు ఉతకబోతే చొక్కాకి తోక ఉండేది కాదు. మాట్లాడకుండా పాత దుప్పటి గుడ్డ అతికి కుట్టేది. గళ్ళచొక్కా కింద పూల గుడ్డ. పంట్లాం లోపలికి పోతుంది కాబట్టి ఎవరికీ కనపడదు. ఆ ఇంట్లో అలా కనపడకుండా అతికినవి చాలానే ఉన్నాయి.

చొక్కాలు తెగడం ఎక్కువయ్యాక ఊర్హో తుపాకి మీద పడ్డాడు. "దీని గురి సరిగ్గా లేదే. మీ నాన్న చూపు మందగించాక పాడుచేసి ఉంటాడు."

ఆ తుపాకి ఐసాక్‌ది. పోయేముందు ఆసుపత్రిలో ఆయన అల్లుడు పక్కనుండగానే, "తుపాకి హిల్మాకి" అన్నాడు. అంతకన్నా వివరంగా చెప్పే ఊపిరి అప్పటికి లేదు. ఆ ఏడే ఊర్హో సొంత తుపాకి పడవలోంచి చెరువులో పడింది. ఒక్క ఏడాదికి వాడుకుంటానన్నాడు. మొదట్లో దాన్ని "మీ నాన్న తుపాకి" అనేవాడు. కొన్నేళ్ళకి "మన తుపాకి" అన్నాడు. ఎప్పుడు "నా తుపాకి" అయిందో హిల్మా గమనించేలోపే అయిపోయింది.

గురి సంగతి విన్నాక ఆమె ఒక వసంతంలో, ఊర్హో గనికి వెళ్ళిన పూట, ఆ తుపాకి తీసుకుని పాడుబడిన తండ్రి పొలానికి వెళ్ళింది. కంచె గుంజ మీద డబ్బా పెట్టి కొట్టింది. డబ్బా ఎగిరింది. ఇంకోటి పెట్టింది. అదీ ఎగిరింది. తుపాకి తుడిచి ఎప్పటిలా గుమ్మం మీద తగిలించింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఊర్హో మళ్ళీ గురి గురించి మొదలుపెడితే, "అలాగా" అంది.

ఐసాక్‌కి ఒక పట్టుదల ఉండేది. తుపాకి ఇంట్లోకి రావాలంటే రెండు ముక్కలుగానే రావాలి. తూటాని లోపలికి తోసి బిగించే ఉక్కు గడియ, వాళ్ళు బోల్టు అనేది, ఊడదీసి వేరేచోట దాచాలి. అది లేని తుపాకి ఒట్టి కర్రే. తన ఇద్దరు ఆడపిల్లలు పాకే వయసులో ఉన్నప్పుడు హిల్మా ఆ అలవాటు మళ్ళీ తెచ్చింది. తుపాకి గుమ్మం మీద, బోల్టు వంటింట్లో కాఫీ డబ్బాలో, పిండి సంచి వెనక. ఏటా వేట ముందురోజు బయటికి తీసి, నూనె పట్టించి, నాన్నది ఒంటిగా మిగిలిన ఒక బూడిదరంగు ఊలు మేజోడులో దూర్చి, వేటసంచి ఎడమ జేబులో పెట్టేది. ఊర్హో గుడిసెలో జేబులో చెయ్యి పెట్టేవాడు, మేజోడు దొరికేది. తిరిగొచ్చాక అదే జేబులో ఉండేది. అది ఇంట్లో ఎక్కడుంటుందో అతనికి తెలియదు. తెలుసుకోవాల్సిన పనీ పడలేదు.

పిల్లలిద్దరూ పెళ్ళిళ్ళై వెళ్ళారు. ఆ ఏడు సెప్టెంబరులో, సౌనా ఆవిరిగదిలోంచి వచ్చి చల్లారుతూ మెట్ల మీద కూర్చున్నప్పుడు హిల్మా అంది: "ఊర్హో, ఈసారి వేటలో ఒక్కరోజు తుపాకి నాకు కావాలి. మీ గుడిసెకి రానులే. నాన్న పొలం వెనక అడవిలోకి వెళ్తాను."

"చూద్దాంలే" అన్నాడు ఊర్హో.

ఆ ఒక్క ముక్కనీ ఆమె రెండు నెలలు దాచుకుంది. నాన్న ఊలు పంట్లాం అటక మీంచి దించి, నడుం దగ్గర కుట్టు వేసింది. లైసెన్సు తెచ్చుకుంది. పిల్లల పాత బడిసంచి ఒకటి దులిపి, అందులో ముందు అగ్గిపెట్టె పెట్టింది.

వేటకి రెండు రోజుల ముందు రైనో పెళ్ళాం ఐరీన్ యాలకుల రొట్టె పట్టుకుని వచ్చింది. హిల్మా పేస్టీలు మడిచి అంచులు నొక్కుతోంది. ఐరీన్ కోటు విప్పకుండానే మొదలుపెట్టింది.

"ఎంత మనసే తల్లీ మీ ఆయనది! మా రైనో అయితే రాత్రి నుంచీ కళ్ళొత్తుకుంటున్నాడు."

"దేనికి?"

"దేనికంటావేంటే? తుపాకి! మా అబ్బాయి గ్లెన్‌కి ఇచ్చేస్తున్నాడుగా. రేపు సాయంత్రం గుడిసెలో అందరి ముందూ. వాడికింకా చెప్పలేదు. నువ్వు నోరు జారకు." ఆగి చూసింది. "తెలీదా నీకు?"

ఇలాంటప్పుడు తెలీదనడం కంటే పొయ్యిలో తల పెట్టుకోవడం సుఖం. "తెలుసులే. ఏ తుపాకి అని" అంది హిల్మా.

"మీ ఇంట్లో ఎన్నున్నాయేంటి? అదే, పాతది. ఊర్హో అన్నాట్ట, నాకు మగపిల్లలు లేరు, ఇంటిపేరు నిలబెట్టేవాడి చేతిలో ఉండాలీ అని. నాకైతే ఒళ్ళు జలదరించిందనుకో."

హిల్మా చేతిలో పేస్టీ అంచు చిట్లింది. తడివేలితో అతికింది. తన తండ్రికీ మగపిల్లలు లేరు. ఆయనకి ఆ ఆలోచన రానేలేదు.

"పిండి కాస్త గట్టిపడ్డట్టుందే" అంది ఐరీన్.

"నీళ్ళు తక్కువయ్యాయి" అంది హిల్మా.

ఊర్హో చెడ్డవాడు కాదు. ఆ మాట చెప్పుకోవాలి. తాగి కొట్టడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు, ఆమెకి ఒంట్లో బాగోలేకపోతే చారు కూడా కాస్తాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె అడిగినప్పుడు అతను నిజంగానే తెల్లబోయాడు.

"అయ్యో, నీకు చెప్పలేదూ? చెప్పాననుకున్నానే."

"నాకు ఒక్కరోజు కావాలన్నాను కదా."

"ఎప్పుడూ?"

"సెప్టెంబర్లో. మెట్ల మీద."

ఊర్హో చెంచా దించి ఆలోచించాడు. గుర్తొచ్చింది. మొహం వెలిగింది. "ఓ, అదా! సరదాకన్నావనుకున్నానే! యాభైకి దగ్గరపడుతున్నావు, ఒక్కదానివీ అడవిలో తుపాకి భుజానేసుకుని... ఎవరన్నా చూస్తే నన్నేమంటారు?"

"నిన్నా?"

"మరి? పెళ్ళాన్ని వేటకి పంపి ఇంట్లో పడుకున్నాడంటారు."

"అది నాన్న నాకిచ్చాడు ఊర్హో. నువ్వు అక్కడే ఉన్నావు."

"ఎవరు కాదన్నారు? ఇచ్చాడు. పెళ్ళయినవాళ్ళకి నీదేంటి నాదేంటే? అయినా మీ నాన్న పోయి ఎన్నేళ్ళైందీ! గ్లెన్ ఎవరు, పరాయివాడా? రైనోకి మాటిచ్చేశాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మగాళ్ళలో తలెత్తుకోగలనా?"

"మరి నాన్న మాట?"

ఊర్హో ఇలాంటప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాడు. కుర్చీ వెనక్కి జరిపి లేచి, ఒళ్ళు విరుచుకుని, ఎంతో ప్రేమగా అడిగాడు:

"సంచి సర్దావా?"

హిల్మా అతని వంక చూసింది. ఇన్నేళ్ళ కాపరంలో అతను తనని అడిగిన ప్రశ్నలన్నీ కుప్పపోస్తే అందులో సగం ఇదే.

"సర్దుతున్నా" అంది.

మర్నాడు గని మధ్యాహ్నమే మూసేశారు. వేటకి ముందు ఆ ఊళ్ళో ఎవరూ పనిచెయ్యరు. సరస్సు మీంచి గాలి మొదలైంది, మంచు పడేలా ఉంది. ఊర్హో సౌనా కాచుకుంటుంటే హిల్మా బల్ల మీద అన్నీ పరిచింది. ముందు అగ్గిపుల్లలు వేసి, పొడి మేజోళ్ళు చుట్టి కుడివైపు పెట్టింది. రెండు దిక్సూచులూ ఒకే దిక్కు చూపిస్తున్నాయని చూసి లోపల వేసింది. ఎర్రరుమాళ్ళు, పిన్నీసులు, తాడు, కత్తి, రాయి. బూట్లు రెండూ బల్ల మీద నిలబెట్టి, కుడీ ఎడమా సరిచూసింది. కిందటేడు తోక పోయిన చొక్కాకి పూలగుడ్డ అతికి ఉంది, అదీ మడిచి పెట్టింది. పేస్టీలు వేడిగా పత్రికలో చుట్టింది. చిట్లిన పేస్టీ తను ఉంచుకుంది.

చివరికి కాఫీ డబ్బా తీసింది. బోల్టుకి నూనె పట్టించింది. చేతిలో చల్లగా, బరువుగా, అరచేతికి సరిపోయినట్టుంది. తండ్రి వేలిముద్రలు ఎప్పుడో పోయాయి, ఆయన వేళ్ళు రుద్ది రుద్ది నున్నబడిన చోటు మాత్రం ఉంది. ఆమె బొటనవేలు అక్కడ ఆగింది.

ఊర్హో బయట రైనో కారు చప్పుడు విని కేకేస్తున్నాడు. "హిల్మా! అయిందా?"

"అయింది" అంది.

ఊలు మేజోడు మడిచి ఎడమ జేబులో పెట్టి పట్టీ బిగించింది. బోల్టు కాఫీ డబ్బాలోకే వెళ్ళింది. ఊర్హో గుమ్మం మీంచి తుపాకి దించి, గుడ్డతొడుగులో దూర్చి భుజాన వేసుకున్నాడు. సంచి ఎత్తి బరువు చూసి, "రాణీ!" అని ఆమె నెత్తిన ముద్దుపెట్టాడు. సంచి విప్పి చూడలేదు. ఎప్పుడూ చూడలేదు. ఆమె సర్దిన సంచి చూడక్కర్లేదని గుడిసెలో గొప్పగా చెప్పుకునేవాడట కూడా.

కారు వెళ్ళిపోయింది. గుమ్మం మీద రెండు ఖాళీ మేకులు. కొక్కేనికి నాన్న ఊలు పంట్లాం వేలాడుతోంది, పక్కన బడిసంచి. రేపు పొద్దున ఆమె ఎక్కడికీ వెళ్ళడం లేదు. తుపాకి అక్కడ, బోల్టు ఇక్కడ. గ్లెన్ దగ్గరున్నది కర్ర అయితే ఆమె దగ్గరున్నది రోలు లేని రోకలి. ఆ తుపాకితో ఎవరూ ఏ జింకనీ కొట్టబోరు. గెలిచినట్టేమీ అనిపించలేదు. చిట్లిన పేస్టీ వేడిచేసుకుని తింది. నీళ్ళు నిజంగానే తక్కువయ్యాయి.

పళ్ళెం కడుగుతుంటే ఫోను మోగింది. గుడిసెలో ఫోను లేదు, దగ్గర్లో ఉన్న సారాదుకాణం నుంచి ఊర్హో. వెనక గ్లాసుల చప్పుడు, మగాళ్ళ నవ్వులు.

"హిల్మా! బోల్టేదే?"

ఆమె చేతులు తుడుచుకుంది.

"వినపడుతోందా? అందరి ముందూ నిలబడి ఉపన్యాసం ఇచ్చానే! మా నాన్న, తాత, ఇంటిపేరు, అన్నీ చెప్పాను. రైనో ఏడ్చాడు. గ్లెన్ తొడుగు తీసి, బోల్టేది పెదనాన్నా అన్నాడు. ఎడమ జేబులో చెయ్యి పెట్టాను. మేజోడులో ఏముందో తెలుసా? ఏమీ లేదు! ఒట్టి మేజోడు! సంచంతా బల్ల మీద బోర్లించాం. పిన్నీసులు నాలుగున్నాయి, దిక్సూచులు రెండున్నాయి, ముక్కు తుడుచుకోడానికి పన్నెండు రుమాళ్ళున్నాయి! నా చొక్కాకి పూలగుడ్డ అతికావని కూడా ఇవాళ అందరికీ తెలిసిపోయింది!"

వెనక ఎవరో అరిచారు: "కత్తెర తే రా, మిగిలింది కూడా కోసేద్దాం!"

"విన్నావా? తుపాకి పేలకుండానే నా చొక్కా కోస్తామంటున్నారు! దారంతా మంచు కమ్మేసింది, తిరిగి రాలేను. ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి మర్చిపోలేదు కదే నువ్వు? అగ్గిపుల్ల కూడా మర్చిపోలేదు! ఇవాళే ఎలా మర్చిపోయావు? నా సంచిలో అది లేకపోవడమేంటే?"

హిల్మా గుమ్మం మీది మేకుల వంక చూసింది.

"నీ సంచి కదా ఊర్హో, నీవి మాత్రమే పెట్టాను."